రాజును గ్యాసునూనె అడిగిన బుడ్డర్‌ఖాను

కథల పంచాయితీ: పాఠకుల ఉత్తరాలకు నల్గొండ నుంచి ఒక రిటైర్డు తెలుగు పండితుడి జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఒక మాట రాశాను. ప్రతి కథా ఏదో ఒక ఇంట్లో, అంటే డిటెక్టివ్, జానపదం లాంటి ఏదో ఒక రకంలో పుడుతుంది, ఆ ఇంటి పద్ధతులు తెలిసినవాడికే వాటిని తప్పే హక్కు వస్తుంది అని. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు. రెండింటిలో తిట్లు ఉన్నాయి. వాటిని విడిగా దాచుకున్నాను. మిగతావాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు చెబుతాను. పేరు వేయవద్దని ఇద్దరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు, ఊరు మాత్రం వేస్తున్నాను.

ప్రశ్న (దేవరకొండ): సార్, నమస్కారం. ఒక జిన్నింగ్ మిల్లులో గుమాస్తా హత్య జరుగుతుంది. ఎస్సై వచ్చి పరిశోధిస్తాడు. పద్దెనిమిది పేజీలు రాశాను, ప్రతి జతపరిచాను. నా స్నేహితుడు నాలుగో పేజీలోనే ‘మిల్లు యజమాని బావమరిది’ అని చెప్పేశాడు. డిటెక్టివ్ కథలకు నియమాలు ఉంటాయంటారు కదా, అవేమిటి? వాటిని తప్పితే హంతకుణ్ణి చివరిదాకా దాచగలనా?

జవాబు: తమ్ముడూ, నియమాలు ఉన్నాయి. ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే క్యాథలిక్ మతగురువు ఉండేవాడు. డిటెక్టివ్ నవలలు కూడా రాసేవాడు. ఆయన 1929లో ఈ రకం కథలకు పది ఆజ్ఞలు విధించాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనబడాలి. దయ్యాలూ దేవతలూ కల్పించుకోకూడదు. రహస్య మార్గం ఒకటికి మించి ఉండకూడదు. కవలలు ఉన్నారని ముందు సూచించకుండా చివర్లో దించకూడదు. అదృష్టం కలిసివచ్చి పరిశోధకుడు గెలవకూడదు. పరిశోధకుడే హంతకుడు కాకూడదు. అంతకు ముందు ఏడాది అమెరికాలో వాన్ డైన్ అనే ఆయన ఇరవై నియమాలు రాశాడు. నౌకరును హంతకుణ్ణి చేయడం మరీ తేలిక కాబట్టి వద్దన్నాడు. వీటిని వరసగా చదువుతుంటే నవ్వు వస్తుంది. విసిగిపోయిన పాఠకుల ఫిర్యాదులకు శాసనం వేషం వేసినట్టు ఉంటాయి. చెరువు గట్టు మీద ‘ఇక్కడ బర్రెలను కడగరాదు’ అని బోర్డు ఉందంటే, అక్కడ రోజూ బర్రెలను కడుగుతున్నారని అర్థం.

ఈ జాబితాలు రాకముందే, 1926లో, అగాథా క్రిస్టీ కథ చెబుతున్న మనిషినే హంతకుణ్ణి చేసింది. మోసం అని కొందరు కోప్పడ్డారు. వెనక్కి తిప్పి చదివితే ఆమె ఎక్కడా అబద్ధం చెప్పలేదు. ఒక పది నిమిషాలు ఏం జరిగిందో మాత్రం చెప్పకుండా దాటేసింది. పుస్తకం పేరు చెప్పను, చదవనివాళ్లకు అన్యాయం. ‘నేను’ అంటూ కథ చెప్పేవాణ్ణి మనం అనుమానించం. ఆ నమ్మకం అప్పటికి ఎవరూ కాగితం మీద పెట్టని నియమం. బోర్డు మీద ఉన్న నియమాన్ని తప్పడం పిల్లలు కూడా చేస్తారు. బోర్డు ఎక్కని నియమాన్ని కనిపెట్టడం దగ్గరే రచయిత పని మొదలవుతుంది.

ఇక మీ బావమరిది సంగతి. మీరు అతనికి బంగారు గొలుసు ఇచ్చారు, బుల్లెట్ బండి ఇచ్చారు, మాటకు ముందు ఒక నవ్వు ఇచ్చారు. మిల్లులో అందరూ పని చేసుకుంటుంటే అతనొక్కడే ఏ పనీ లేకుండా మూడు సార్లు వచ్చిపోయాడు. పని లేని మనిషి కథలో తిరుగుతుంటే పాఠకుడు అతనికి ఒక పని వెతికిపెడతాడు. డిటెక్టివ్ కథలో ఖాళీగా ఉన్న ఉద్యోగం ఒక్కటే.

నల్గొండ వచ్చినప్పుడు ఒకసారి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లండి. కుందూరు చోడుల కాలంనాటి గుడి. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పగలంతా ఒకేచోట నిలబడి ఉంటుంది. సూర్యుడు కదులుతాడు, నీడ కదలదు. వచ్చినవాళ్లంతా మండపంలోని ఏ స్తంభం నీడ అది అని వెతుకుతారు. ఒక్కో స్తంభం పక్కన నిలబడి చేయి ఊపుతారు. నేనూ ఊపాను. ఆ నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదు. పక్కల నుంచి లోపలికి వచ్చి చెదిరే వెలుగూ స్తంభాల అమరికా కలిసి దాన్ని తయారుచేస్తాయి. మనం ‘ఏ స్తంభం?’ అనే అడుగుతామని కట్టినవాడికి తెలిసినట్టే ఉంటుంది నాకు. ఆ ప్రశ్న అడిగినంతసేపూ జవాబు దొరకదు.

మీ కథకు కూడా ప్రశ్న మార్చండి. మన ఊళ్లలో హత్య జరిగితే తెల్లవారేసరికి ఎవరు చేశారో చాయ్ హోటల్లో అందరికీ తెలుసు. పోలీసు జాగిలం వచ్చి తుమ్మకంప దాకా వెళ్లి ఆగిపోతుంది. చుట్టూ నిలబడ్డ జనం లోలోపల నవ్వుకుంటారు. పంచనామా మీద సంతకానికి మాత్రం ఇద్దరు మనుషులు దొరకరు. ఎవరు చేశారన్నది మన దగ్గర చిక్కే కాదు, ఎవరు చెబుతారన్నది చిక్కు. మీ ఎస్సైకి మొదటి పేజీలోనే బావమరిది పేరు తెలియనివ్వండి. పద్దెనిమిది పేజీలూ సాక్షి కోసం తిరగనివ్వండి. గుమాస్తా భార్య చాయ్ పోసి ఇస్తుంది, నోరు విప్పదు. ఎందుకు విప్పదో పాఠకుడు పరిశోధిస్తాడు. అప్పుడు నాక్స్ పది ఆజ్ఞల్లో మీరు ఒక్కటీ తప్పి ఉండరు, కథ మాత్రం ఆయన ఇంట్లోది కాదు, మీ ఇంట్లోది.

ఒక్క పని చేయకండి. అది నేను చేశాను. వయసులో ఉన్నప్పుడు ఒక వారపత్రికకు పన్నెండు వారాల సీరియల్ రాశాను. ప్రతి వారం ముడి మీద ముడి వేసుకుంటూ పోయాను. విప్పడం చేతకాలేదు. చివరి వారం పరిశోధకుడు నిద్ర లేచాడు. అంతా కల. హాలియా నుంచి ఒక పాఠకుడు ఎర్ర సిరాతో కార్డు రాశాడు: ‘పన్నెండు సంచికల ధర తక్షణం పంపగలరు’ అని. పంపలేదు. ఆయన లెక్కలో తప్పు మాత్రం లేదు.

ప్రశ్న (మహబూబ్‌నగర్): సార్, నేను బడిలో లెక్కలు చెబుతాను. న్యూటౌన్‌లో మిషను కుట్టే ఇద్దరు అక్కచెల్లెళ్ల మీద ఒక కథ రాశాను. ఓణీల ఫంక్షను జాకెట్టు ఒకటి బిగుతైంది, దాని మీద గొడవ. అంతే కథ. ‘పాలమూరు జీవితం కనబడలేదు’ అని ఒక పత్రిక తిప్పి పంపింది. మా ఇంట్లో ఎవరూ వలస పోలేదు. నేను కరువు రాయకపోతే పాలమూరు రచయితను కానా?

జవాబు: అమ్మా, మీ కథ రెండు సార్లు చదివాను. చంక దగ్గర అరంగుళం వదలడం గురించి చెల్లెలు చెప్పే మాటలు చదివి మా ఇంటావిడ ‘ఈమెకు మిషను తెలుసు’ అంది. నాకు దొరికిన సాక్ష్యాల్లో అది పెద్దది.

మీకు జరిగింది ఏమిటంటే, మీ జిల్లా పేరే ఒక కథల రకమైపోయింది. డిటెక్టివ్ కథలో శవం లేకపోతే డబ్బులు వాపసు అడిగినట్టు, పాలమూరు కథలో మూటా ముల్లే లేకపోతే వాపసు అడుగుతున్నారు. ఆ రకం సామాను మీకూ తెలుసు, నాకూ తెలుసు: నెర్రెలిచ్చిన చేను, తాళం వేసిన గుడిసె, వాకిట్లో ముసలవ్వ, బొంబాయి బస్సు, గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, చివర్లో ఒక దుర్వార్త. దీన్ని ఎగతాళి చేయను. ఈ సామానులో ఒక్కటీ కల్పన కాదు. దేశంలో ఎన్ని ఆనకట్టల రాళ్ల మీద పాలమూరు కూలీల చేతి గుర్తులు ఉన్నాయో లెక్క లేదు. ఆ కథలు మొదట రాసినవాళ్లు చూసి రాశారు. తరవాతివాళ్లు ఆ కథలను చూసి రాశారు. మూడో తరం వచ్చేసరికి ముసలవ్వ ముఖం మీద ముడతలు కూడా ఒకే వరసలో పడుతున్నాయి.

మా నల్గొండకూ ఈ బాధ ఉంది. మాకు రెండు రకాలు. ఒకటి 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం: గడీ, దొర మీసం, వెట్టి, గుత్ప, కారం పొడి. రెండోది నడుములు వంచేసే నీటి ఫ్లోరైడు. ఒకసారి ఒక పోటీకి వచ్చిన కథలు చదివే పని నాకు అప్పగించారు. మొదటి పేజీలోనే వంగిన నడుము ఒకటి కనబడని కథ తక్కువ. హైదరాబాదు నుంచి కారులో వచ్చిన ఒక మనిషి ఆ నడుమును చూస్తాడు, అతని కళ్లు చెమరుస్తాయి, కథ అయిపోతుంది. ఒక్క కథ మాత్రం ఇప్పటికీ గుర్తుంది. అందులోనూ వంగిన నడుమే. చూసేవాడు లేడు. ఆ మనిషి తల ఎత్తలేడు కాబట్టి బస్సు బోర్డు చదవలేడు. టైర్లను బట్టి, కండక్టరు గొంతును బట్టి ఏ ఊరి బస్సో చెబుతాడు. చాయ్‌లో చక్కెర తక్కువైందని హోటలు వాడితో తగాదా పడతాడు. రాసినవాడు ఆనవాయితీని వదిలేయలేదు. అందులోంచి కారు దిగే మనిషిని ఒక్కణ్ణి తీసేశాడు. దానితో జాలి చూపించే పని పాఠకుడికి తప్పిపోయి, బస్సు ఎక్కించే పని పడింది.

మీ ముందు ఇప్పుడు రెండు దారులు ఉన్నాయి. కథను ఉన్నది ఉన్నట్టే ఇంకో పత్రికకు పంపడం మొదటిది. నేనైతే అదే చేస్తాను. కానీ మీరు లెక్కల మనిషి, రెండో పద్ధతి కూడా చూద్దాం. మీ పాఠకుడు మొదటి వాక్యంలో మహబూబ్‌నగర్ అని చదవగానే వలస కోసం ఎదురుచూడటం మొదలుపెడతాడు. ఆ ఎదురుచూపు మీకు ఊరికే వచ్చిన పెట్టుబడి. దుకాణం ఎదురుగా ఒక ఇంటికి తాళం వేయండి. ఇంకేమీ చెప్పకండి. చెల్లెలు రోజూ ఆ తాళం చూసి నిట్టూర్చాలి. పాఠకుడు బొంబాయి బస్సును తనే పిలుచుకుంటాడు, పిల్లల చదువు ఆపేస్తాడు, అప్పు రాస్తాడు, అంతా మీరు రాయకుండానే. నాలుగో రోజు ఆ ఇంటివాళ్లు కురుమూర్తి జాతర నుంచి దిగుతారు. చేతిలో మిఠాయి పొట్లం, నోట్లో ఒకటే మాట: ‘మా జాకెట్టు అయిందా?’ చెల్లెలు నిట్టూర్చింది ఆ జాకెట్టు కుట్టడం ఇంకా కానందుకు! పాఠకుడు నవ్వుతాడు, తరవాత తను ఏమేమి ఊహించుకున్నాడో గుర్తు తెచ్చుకుని కొంచెం సిగ్గుపడతాడు. తిప్పి పంపిన సంపాదకుడు కూడా.

లేదంటే వలస కథనే తీసుకుని బొమ్మను తిరగేయవచ్చు. ఇప్పుడు మీ వైపు కాలువల కింద వరి పచ్చగా ఉంది. నాట్లకు బీహార్ నుంచి మగ కూలీలు ముఠాలుగా వస్తున్నారు. ఒకప్పుడు తన ఊరి జనాన్ని లారీ ఎక్కించి తీసుకుపోయిన గుంపు మేస్త్రీ ముసలివాడయ్యాడు. ఆ ముఠాను రైల్వే స్టేషనులో దింపుకునేది ఇప్పుడు అతనే. అడ్వాన్సు ఇచ్చేటప్పుడు చేయి ఎలా ఆడాలో అతనికి తెలుసు. వాళ్ల భాష తెలియదు, వాళ్ల ముఖాలు మాత్రం బాగా తెలుసు. అదే సామాను, అదే బస్సు, అదే మూట. ఎవరు దిగుతున్నారన్నదే మారింది. ఇది నేను రాద్దామని దాచుకున్నాను. నా చేత కావడం లేదు, మీరు తీసుకోండి.

మీ ప్రశ్నలో ఇంకో ముల్లు ఉంది, ‘రచయితను కానా?’ అని. మీ వైపు మనిషే, గద్వాల దగ్గర ఇటికాలపాడు సొంతూరైన సురవరం ప్రతాపరెడ్డికి ఇలాంటి ముల్లే గుచ్చుకుంది. తెలంగాణలో కవులు లేరన్న మాట ఒకటి అచ్చయింది. పత్రికా సంపాదకుడు కదా, ఘాటైన ఖండన వ్యాసం రాస్తాడని అందరూ అనుకుంటారు. ఆ సందర్భానికి అలవాటైన రకం అదే. ఆయన 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చాడు. అందులో 354 మంది కవులు. ఖండన వ్యాసానికైతే ప్రతిఖండన రాయవచ్చు. 354 మందికి ఎవరు ఏం రాస్తారు? జవాబు ఏ రకంలో చెప్పాలో ఎంచుకోవడం కూడా రచనే అని నాకు తెలిసింది అక్కడే.

ప్రశ్న (అచ్చంపేట): సార్, నేను డిగ్రీ రెండో సంవత్సరం. జానపద కథను కొత్తగా రాయాలని ఉంది. మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో కాకుండా సెల్‌ఫోనులో పెట్టాను. మా సార్ బాగుందన్నారు, మా నాయనమ్మ బాగాలేదంది. ఎవరిది నిజం? ఇలాంటి ఆనవాయితీలను గుర్తించడానికి ఎన్ని పుస్తకాలు చదవాలి?

జవాబు: మీ నాయనమ్మది. చిలకను సెల్‌ఫోను చేయడం అంటే చిలకకు రంగు వేయడమే. ఆ కథలో చిలక వేషం మాత్రమే. ప్రాణాన్ని ఒంట్లో పెట్టుకోకుండా బయట దాచుకున్నవాడు, దాన్ని దాచిన చోటుకు ఎవరో ఒకరు చేరతారన్న భయంతోనే బతుకుతాడు అన్నది దాని ప్రాణం. వేషాన్ని ఎంత మార్చినా ఎవరూ కాదనరు, ఎవరూ మెచ్చుకోరు కూడా. చిలక ఎగిరిపోనని మొండికేసిందనుకోండి, వాడి ప్రాణం మోస్తూ విసిగిపోయిందనుకోండి, అప్పుడు నాయనమ్మ కళ్లజోడు సర్దుకుని వింటుంది.

పుస్తకాలు చదవక తప్పదు. అయితే దొడ్డిదారి ఒకటి ఉంది, చెబుతాను. రాసిన కథను ఎవరికైనా సగం దాకా చదివి ఆపండి. ‘తరవాత ఏమవుతుంది?’ అని అడగండి. వాళ్లు తడుముకోకుండా చెప్పిందంతా ఆనవాయితీ. మీరు రాయకముందే వాళ్ల దగ్గర ఉన్న కథ అది. చివరిదాకా చదివాక వాళ్లకు ఎక్కడ కోపం వచ్చిందో అక్కడ మీరు ఏదో మాట ఇచ్చి తప్పారు. ఈ రెండు చోట్లా పెన్సిలుతో గీత గీసుకోండి.

నేను చాలా ఏళ్ల కిందట ఒక తొమ్మిదో తరగతిలో ఇలాగే చేశాను. రాజు కొడుకుతో చెప్పాడు: ‘తూర్పుకు వేటకు వెళ్లు, పడమరకు వెళ్లు, దక్షిణానికి వెళ్లు. ఉత్తరపు దిక్కుకు మాత్రం వెళ్లకు.’ అక్కడ ఆపి, తరవాత ఏమైంది అన్నాను. తరగతి మొత్తం ఒకే గొంతుతో ‘ఉత్తరానికి వెళ్లాడు సార్!’ అంది. 1928లో వ్లదిమీర్ ప్రాప్ అనే రష్యన్ పండితుడు తన దేశపు అద్భుత కథలను విడదీసి ముప్ఫై ఒక్క మెట్లు లెక్కపెట్టాడు. వాటిలో రెండోది నిషేధం, మూడోది ఆ నిషేధాన్ని దాటడం. ఆయన పేరు వినని మా పిల్లలు రెండు నుంచి మూడుకు అరక్షణంలో గెంతారు. చివరి బెంచీలో ఒకడు మాత్రం చేయి ఎత్తాడు. ‘వాడు అసలు వేటకే వెళ్లలేదు సార్’ అన్నాడు. అందరూ నవ్వారు. ‘మరి ఏం చేశాడు?’ అన్నాను. ‘ఉత్తరంలో ఏముందని వాళ్ల నాన్ననే అడిగాడు సార్.’

గంట కొట్టారు. నేను ఆ జవాబును ఇంటికి తెచ్చుకున్నాను. కొడుకు అడిగితే రాజు ఏం చెబుతాడు? వెళ్లవద్దన్నవాడు తను ఒకప్పుడు వెళ్లి ఉంటాడు కదా. ఇప్పుడు కథ కొడుకుది కాదు, తండ్రిది అయింది. పిల్లవాడు రెండో మెట్టుకూ మూడో మెట్టుకూ మధ్య కూర్చున్నాడు, అంతే. మెట్లు ఉన్నాయి కాబట్టే కూర్చోగలిగాడు.

ప్రశ్న (సూర్యాపేట): ప్రేమకథను విషాదంగా ముగిస్తే స్థాయి పెరుగుతుందా?

జవాబు: పెరగదు. రైలు పట్టాలు ఇప్పటికే చాలా మందిని మోశాయి.

ప్రశ్న (గద్వాల): దయ్యం కథలో చివరికి దయ్యం లేదని తేల్చవచ్చా? నాకు హేతువాదం ఇష్టం.

జవాబు: తేల్చవచ్చు. అయితే మీరు పంపిన కథలో దయ్యాన్ని నమ్మినవాళ్లంతా వెర్రివాళ్లు, నమ్మని కుర్రవాడు ఒక్కడే తెలివైనవాడు. మొదటి పేజీలోనే పందెం తేలిపోయింది. నమ్మినవాళ్లలో ఒకరిని మీకంటే తెలివైన మనిషిని చేయండి. దయ్యం లేదని తేలాక కూడా ఆమె రాత్రి ఆ దారిన వెళ్లకూడదు.

ప్రశ్న (మిర్యాలగూడ): అయ్యా, రకాలు, నియమాలు, వాటితో ఆటలు అంటూ మీరు పోయిన నెల రాసినదంతా పాశ్చాత్యుల దగ్గర అరువు తెచ్చిన సరుకు. మన కవులు సంప్రదాయాన్ని గౌరవించారు, ఆటలాడలేదు. నాకు డెబ్బై ఆరేళ్లు.

జవాబు: మీరు నాకంటే పెద్దవారు, కోపం రానివ్వకండి. గౌరవించారు, ఆడారు కూడా. రంగం మీద మరణం చూపరాదన్నది మన నాట్య సంప్రదాయం. భాసుడి సంస్కృత నాటకం ఊరుభంగంలో దుర్యోధనుడు ప్రేక్షకుల ఎదుటే ప్రాణం విడుస్తాడు. భారతం విన్న ప్రతివాడికీ ప్రతినాయకుడైన మనిషి మీద అక్కడ కన్నీరు వస్తుంది. మన ప్రబంధాలకు అష్టాదశ వర్ణనలు ఉండాలన్నారు: నగరం, ఋతువులు, చంద్రోదయం, జలక్రీడ వగైరా. పద్దెనిమిదో శతాబ్దంలో కూచిమంచి జగ్గకవి ఆ హంగులన్నీ దగ్గర పెట్టుకుని చంద్రరేఖా విలాపం రాశాడు. తనను అవమానించిన ప్రభువును ప్రబంధ నాయకుణ్ణి చేసి ప్రబంధంతోనే కొట్టాడు. బూతు ఎక్కువ, మనవళ్లకు అందకుండా పైఅరలో పెట్టండి. కానీ ప్రబంధం పద్ధతి తెలియనివాడికి అందులో బూతు తప్ప ఇంకేమీ కనబడదు. తెలిసినవాడు పొట్ట పట్టుకుంటాడు.

పుస్తకాల సంగతి వదిలేసి, నేను కళ్లతో చూసింది ఒకటి చెబుతాను. మా ఊళ్లో నా చిన్నప్పుడు పంటలు ఇంటికి వచ్చాక భాగోతం ఆడేవారు. తెర పట్టుకుంటారు, రాజు తెర వెనక గజ్జె కొడతాడు, తెర తీస్తారు. రాజు ప్రవేశ దరువు పాడుతూ తను ఎవరో, ఏ దేశం ఏలుతున్నాడో, ఎంత సైన్యం ఉందో చెప్పుకుంటాడు. ఆ రాజు పొద్దున మా ఇంటి ముందు చెప్పులు కుట్టిన మనిషి అని మాకందరికీ తెలుసు. అయినా ‘ఎవరు నాయనా మీరు?’ అని అడగాల్సిందే, ఆయన చెప్పాల్సిందే. పక్కన బుడ్డర్‌ఖాను ఉంటాడు, హాస్యగాడు. రాజు మాటకు అడ్డం తగలడం అతని హక్కు.

ఆ రాత్రి రాజు దరువు మధ్యలో ఉన్నాడు. ఏనుగులు లెక్క చెప్పాడు, గుర్రాలు లెక్క చెప్పాడు. పెట్రోమాక్సు లైటు గరగరమంటూ ఎర్రబడసాగింది. బుడ్డర్‌ఖాను లైటు వైపు చూశాడు, రాజు వైపు చూశాడు. చేతులు కట్టుకుని అడిగాడు: ‘ప్రభూ, ఏనుగులు సరే. తమ రాజ్యంలో గ్యాసునూనె ఎంత ఉంది?’ కిరసనాయిలును మా వైపు అలాగే అంటారు. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. ఇది నాటకంలో లేదు. కానీ రాజు తన సంపద లెక్క చెప్పుకునే చోటు అది. ఇంకెక్కడ అడిగినా అది ఒక హాస్యగాడి అరుపు మాత్రమే. ఆ చోట అడిగేసరికి ఏనుగుల పక్కన సీసాడు గ్యాసునూనె వచ్చి నిలబడింది.

రాజు తడబడలేదు. అదే దరువులో, అదే తాళంలో, ‘రెండు సీసాలు, రెండు సీసాలు’ అని పాడాడు. తాళం వేసేవాడు నవ్వు ఆపుకోలేక ఒక దెబ్బ తప్పాడు. లైటు ఆరిపోయింది. చీకట్లో గజ్జెల చప్పుడు ఒక్కటే వినబడింది. మా నాన్న లేచి ఇంటికి వెళ్లి దీపాల కోసం దాచిన సీసా తెచ్చాడు. పోసి, పంపు కొట్టి, వెలిగించేసరికి పావుగంట పట్టింది. ఎవరూ కదల్లేదు. వెలుగు రాగానే తెర మళ్లీ పట్టారు, రాజు మళ్లీ తెర వెనక్కి వెళ్లాడు, దరువు మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఏనుగుల లెక్క, గుర్రాల లెక్క అన్నీ మళ్లీ వచ్చాయి. గుర్రాల తరవాత ఆగి, మా నాన్న కూర్చున్న వైపు తిరిగి, ఒక సీసా ఎక్కువ చెప్పాడు.